నారింజ చుక్క

కొట్లో కొన్న తూటాతో వేటకి పోయిన మనిషి స్ట్రోమి వాళ్ళింట్లో లేడు. లోయలో మిగతావాళ్ళు ఊళ్ళోకెళ్ళి తూటాల డబ్బా కొనుక్కుని కొండెక్కుతారు. వీళ్ళు మాత్రం కాల్చిన ఇత్తడి తొడుగు ఒక్కటి కూడా మంచులో వదలరు. ఏరి తెచ్చి, తోమి, అచ్చులో నొక్కి, తుపాకిమందు పోసి, కొత్త గుండు బిగించి మళ్ళీ తూటా చేస్తారు. కొన్ని తొడుగులు ఎన్ని చలికాలాలు చూశాయో ఇంటివాళ్ళకే గుర్తుండదు.

ఓరెన్ పికెట్ ఆ ఇంటి అల్లుడు. గుర్రాలకి నాడాలు కొట్టే పని. నెబ్రాస్కా మైదానం నుంచి మోంటానా కొండల్లోకి వచ్చినవాడు. వాళ్ళ నాన్న ఇంట్లో తుపాకీ అనేదే ఉండేది కాదు. లినియాని చేసుకున్నాక మూడు శీతాకాలాలు అత్తవారితో ఎల్క్ దుప్పి వేటకి వెళ్ళాడు. మూడుసార్లూ గుర్రాల మీద బరువులు కట్టాడు, కాఫీ కాచాడు, పడ్డ దుప్పిని ముక్కలు చేసి కొండ దింపాడు. అతనికీ తుపాకీ ఉంది, అందులోకి కొట్లో కొన్న తూటాలూ ఉన్నాయి. దానికి ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతన్ని కొరికేది.

ఎందుకంటే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వేట మొదలయ్యే ముందు సాయంత్రం, డేరాలో, మామగారు ఐనర్ తన టోపీ తీసి మడత మంచం మీద వెల్లకిలా పెడతాడు. తూటాలు చేసినవాళ్ళు అందులో వేస్తారు. తర్వాత మొహం పక్కకి తిప్పుకుని తలా ఒకటి తీసుకుంటారు. పొద్దున్నే తుపాకీలో మొదట ఎక్కేది ఆ తూటా. అంటే, ఎవడి చెంపకి ఆనే తుపాకీలోనైనా ఇంకొకరి చేతిపనే ఉంటుంది. తనది తనకే వస్తే మళ్ళీ వేసెయ్యాలి. ఇంట్లో వేట తుపాకులన్నీ ఒకే కొలతవి, కాబట్టి ఎవరిది ఎవరికైనా సరిపోతుంది. ఎవరిదో తెలియడానికి తూటా అడుగున గోళ్ళరంగు చుక్క. అత్తగారు అల్వీనాది ఎరుపు, బావమరిది హాల్వర్‌ది ఆకుపచ్చ, లినియాది నీలం. అల్వీనా తన జన్మలో గోళ్ళకి రంగు వేసుకున్న మనిషి కాదు. ఊళ్ళో కొట్టువాడు మాత్రం ఆవిణ్ణి పెద్ద షోకులమ్మ అనుకునేవాడు.

టోపీ తిరుగుతున్నంతసేపూ ఓరెన్ పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ కూర్చునేవాడు. ఎన్నిసార్లని ఎగదోస్తాడు. ఆ పొయ్యి మూడేళ్ళలో ఎరగనంత బాగా మండేది ఆ కాసేపే.

నాలుగో ఏడు గడ్డికోతలు అయిపోయాక, అల్వీనా చోక్‌చెర్రీ పళ్ళు పాకం పడుతుంటే, అతను వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఆవిడ వెనక్కి తిరగకుండానే, గుమ్మానికేమైనా నాడా కొట్టాలా అని అడిగింది.

"బల్ల దగ్గర పని నేర్పండి అత్తయ్యా."

"కొట్లో తూటాలు అయిపోయాయా?"

"ఉన్నాయి."

"మరి?"

"టోపీలో వెయ్యాలి."

ఆవిడ గరిటె అతని చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయింది. కలుపుతూ ఉండమని కూడా చెప్పలేదు. బట్టలు ఆరేసి వచ్చింది, కోళ్ళకి వేసి వచ్చింది, పోస్టుడబ్బా దాకా నడిచి వచ్చింది. తిరిగొచ్చేసరికి ఓరెన్ చొక్కా నిండా ఊదారంగు చిటుకులు, మోచెయ్యి వణుకుతోంది, పాకం మాత్రం అడుగంటలేదు. ఆవిడ గిన్నెలోకి తొంగిచూసి, పొయ్యి దగ్గర్నించి లేచిపోయేవాడు ఆ బల్ల దగ్గరికి పనికిరాడంది. రేపట్నించి రమ్మంది.

బల్ల వెనక వసారా గదిలో ఉంటుంది. ఒకపక్క బీట్‌రూట్ ఊరగాయ సీసాలు, ఇంకోపక్క మందు డబ్బాలు. మధ్యలో బల్లకి బిగించిన ఇనుప ప్రెస్సు, దాని పొడుగాటి చేతిపిడి. కిటికీ దగ్గర త్రాసు. స్తంభానికి మందు బుడ్డి. పైన మందు పోసి పక్కనున్న పిడి తిప్పితే కొలిచినంతే కింద తొడుగులోకి రాలుతుంది.

మొదటిరోజు అల్వీనా రెండే మాటలు చెప్పింది. బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బాయే ఉండాలి. పీట మీద నుంచి లేచే ముందు బుడ్డి ఖాళీ చేసి, మందు దాని డబ్బాలోకే పోసెయ్యాలి. ఇల్లు తగలబడుతున్నా సరే, ముందు బుడ్డి, తర్వాత బక్కెట్టు. ఎందుకని ఓరెన్ అడగలేదు. ఎందుకో రోజూ భోజనాల దగ్గర ఎదురుగా కూర్చునే ఉంటుంది.

ఐనర్ కుడికన్ను పాలగాజులా తెల్లగా ఉంటుంది. వెనకటికి ఆ పీట ఆయనదే. ఒక పొద్దున నక్కల్ని కొట్టే చిన్న తుపాకీ కోసం మందు పోస్తూ, బుడ్డిలో కాస్త మిగిల్చి టిఫిన్‌కి లేచాడు. తిరిగొచ్చి అది పెద్ద తుపాకీ మందే అనుకుని పైన ఇంకాస్త పోశాడు. చూడ్డానికి రెండూ ఒకటే, నల్లజీలకర్ర లాంటి సన్నటి పలుకులు. కానీ ఒకటి నిదానంగా మండుతుంది, ఇంకోటి ఒక్కసారే భగ్గుమంటుంది. ఆ తూటా పేలిన రోజు తుపాకీ ముందుకి కాదు, వెనక్కి పేలింది. అప్పట్నించీ పీట అల్వీనాది. ఐనర్ ఎడమ భుజానికి తుపాకీ ఆనించి కాల్చడం నేర్చుకున్నాడు కానీ ఆ గది గడప మళ్ళీ తొక్కలేదు. టోపీలో ఆయన తరఫున కూడా ఆవిడే ఒక ఎర్రచుక్క వేస్తుంది.

ఓరెన్ పని చేస్తుంటే ఆవిడ వెనక కుర్చీ వేసుకుని మేజోళ్ళు అల్లేది. నేర్పడమంటే అంతే. అల్లికపుల్లల చప్పుడు టిక్కుటిక్కుమంటూ ఉంటే పని సరిగ్గా సాగుతున్నట్టు. ఆగిందంటే ఎక్కడో తప్పింది. అప్పుడు ఓరెన్ చెయ్యి ఆపి, తనంతట తనే వెతుక్కోవాలి. తొడుగు మూతి చిట్లిందా, అడుగున మందుని అంటించే నిప్పుబిళ్ళ కాస్త ఎత్తుగా కూర్చుందా, త్రాసు కిటికీ గాలికి ఊగుతోందా. దొరికితే పుల్లలు మళ్ళీ కదిలేవి.

రెండోవారంలో ఒకసారి పుల్లలు ఆగాయి గానీ అతను వినిపించుకోలేదు. తొడుగుకి నూనె జిడ్డు రాయకుండా అచ్చులోకి తోశాడు. అది సగంలో బిగుసుకుపోయింది. నాడాలు కొట్టే చెయ్యి కదా, బలంగా గుంజాడు. తొడుగు అడుగు అంచు ఊడి చేతికొచ్చింది, మిగతాది అచ్చులోనే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే హాల్వర్ వచ్చాడు. హాల్వర్ పొగాకు మానేసి పొద్దుతిరుగుడు గింజలు పట్టాడు. ఎక్కడ నిలబడితే అక్కడ పొట్టు రాలుస్తాడు. చెల్లెలు లినియా అతన్ని ఉడతా అని పిలుస్తుంది.

"బావా, అది గుర్రం కాలనుకున్నావా?" అన్నాడు ప్రెస్సులోకి వంగి చూస్తూ. "తన్నదు, అదొక్కటే నయం."

"నీకెప్పుడూ ఇరుక్కోలేదా?"

"ఇరుక్కుంది. అమ్మ ఆ అచ్చుని నా పుట్టినరోజు కేకులో పెట్టింది."

అల్వీనా కాదనలేదు. తొలిచే చిన్న మర, ఒక మరమేకు తెచ్చి అచ్చులోంచి తొడుగుని ఎలా ఊడలాగాలో చూపించింది. చూపించి, అదే పని మళ్ళీ అతని చేత చేయించడానికని ఇంకో పాత తొడుగుని జిడ్డు లేకుండా తోయించింది. ఆ సాయంత్రమంతా ఓరెన్ తను చెయ్యని తప్పుని బాగుచేస్తూ గడిపాడు. ఆ తర్వాత జిడ్డు మరిచిపోలేదు.

సెప్టెంబరు ఆఖర్లో గడ్డివాము వెనక ఇనుప పలక వేలాడదీసి మొదటి తూటాలు కాల్చాడు. పలక మోగింది. లినియా కంచె మీద కూర్చుని చూస్తూ, గంట కొట్టినట్టుంది, వంట అయిందేమో వెళ్దామా అంది. ఆ వేళాకోళం వెనక సంతోషం ఉందని ఓరెన్‌కి తెలుసు.

అక్టోబరులో వేటకని అసలు పని మొదలెట్టాడు. తొడుగులన్నీ చెక్కపలక గుంతల్లో బోర్లా నిలబెట్టి, ఒక్కోటీ మందు పోసింతర్వాతే నిటారుగా పెట్టి, గుండు బిగించి పెట్టెలోకి చేరుస్తున్నాడు. సగం పని అయ్యాక ఫోను మోగింది. కంచె విరిగి పెయ్యలు రోడ్డెక్కాయని పక్క పొలం ఆసామి చెప్పాడు. మలుపులో దుంగల లారీలు వస్తున్నాయన్నాడు. అల్వీనా అల్లిక కుర్చీలో పడేసి పరిగెత్తింది. ఓరెన్ కూడా పరిగెత్తాడు.

పెయ్యల్ని తోలుకొచ్చి కంచె కట్టేసరికి పొద్దుగూకింది. చేతులు గీసుకుపోయాయి, కాళ్ళు బురద. తిని పడుకున్నాడు. పొద్దున్నే వసారాలోకొచ్చి పీట మీద కూర్చున్నాక చూశాడు, బుడ్డిలో మందు అలాగే ఉంది. ఖాళీ చెయ్యకుండా లేచాడన్నమాట. పక్కన ఉండాల్సిన డబ్బా బల్ల మీద లేదు, అరలో ఉంది. అత్తయ్య సర్ది ఉంటుందిలే అనుకున్నాడు. అల్వీనా ఇంకా కోళ్ళ దగ్గరే ఉంది. ఆవిడ వచ్చేలోగా డబ్బా దించి బుడ్డి పక్కన పెట్టేశాడు, ఏమీ జరగనట్టు. పుల్లల చప్పుడు మొదలయ్యేసరికి అతని చెయ్యి పనిలో ఉంది. మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. నిన్నటివీ ఇవాళ్టివీ ఒకే పెట్టెలో పడ్డాయి.

అల్వీనా ఒక తూటా తీసి కిటికీ వెలుగులో తిప్పింది. ఇంకోటి తీసింది. తర్వాత ఏప్రాన్ జేబులోంచి కొత్త గోళ్ళరంగు సీసా తీసి అతని ముందు పెట్టింది. నారింజ రంగు.

"మంచులో పడ్డా కనబడుతుంది," అంది. ఆ సీసా ఎప్పుడు కొందో తెలియదు. మూత మీద కొట్టు చీటీ ఎండకి వెలిసిపోయి ఉంది. ఎండాకాలం నుంచీ ఆ జేబులో ఉందేమో.

ఓరెన్ ఒక్కో తూటా అడుగునా చుక్క పెట్టాడు. పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాడు.

కొండకి బయల్దేరేది మర్నాడు పొద్దున. హాల్వర్ అప్పటికే రెండు గుర్రాలతో ముందు వెళ్ళిపోయాడు, డేరా వెయ్యడానికి. అక్కడ ఫోను పనిచెయ్యదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఓరెన్ బల్ల తుడవడం మొదలెట్టాడు. చీపురుకుంచెతో స్తంభం మొదట్లో తుడుస్తుంటే, బుడ్డి కింద, నల్లటి గీతలున్న తెల్లటి పొట్టు కుప్ప కనబడింది. పొద్దుతిరుగుడు పొట్టు. తడి కూడా ఇంకా పూర్తిగా ఆరలేదు.

కుంచె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తాము పెయ్యల వెంట ఉన్నప్పుడు హాల్వర్ వచ్చి డేరా సామాను పట్టుకెళ్ళాడు. వచ్చి ఈ పీట మీద కూర్చున్నాడు. చిన్న తుపాకీకి మందు పోసుకున్నాడా? డబ్బా అరలో పెట్టింది అతనేనా? బుడ్డిలో ఉన్నది తను వదిలిన మందేనా, దాని మీద ఇంకోటి పడిందా? త్రాసు బరువు చెబుతుంది గానీ పేరు చెప్పదు. పెట్టె తెరిచి చూశాడు. నారింజ చుక్కలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఏది నిన్నటిదో ఏది ఇవాళ్టిదో చేసిన చేతికే తెలియలేదు. రెండు మూడు తీసి కాల్చి చూద్దామనుకున్నాడు. అవి మంచివైతే మిగతావి మంచివైనట్టు కాదు కదా.

గుర్రాల కొట్టంలో లినియా సంచులకి తాళ్ళు కడుతోంది. ఓరెన్ ఒక గుర్రం కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, అక్కర్లేకపోయినా నాడా గోకుతూ, సంగతంతా చెప్పాడు. గుర్రం వైపే చూస్తూ చెప్పాడు.

హాల్వర్ ముట్టుకుని ఉండడేమో అంది లినియా.

ఉండకపోవచ్చన్నాడు ఓరెన్. ఏమీ కాదు కూడా. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఏమీ కాదు. చెప్పకుండా ఊరుకుంటే రేపు సాయంత్రం టోపీలో నారింజ చుక్క ఉంటుంది. చెబితే, బుడ్డి వదిలి లేచినవాడినని తెలుస్తుంది. అది ఆ ఇంట్లో చెప్పకూడని మాట కాదు, చెయ్యకూడని పని. ఇంకో నాలుగేళ్ళు పొయ్యి ఎగదోసుకోవాలి.

లినియా తాడు ముడి బిగించింది. "నువ్వు చెప్పకపోతే నేనూ చెప్పను," అంది. "కానీ టోపీలో ఎవరి చెయ్యి దేనిమీద పడుతుందో నీ చేతిలో లేదు. నాదే పడొచ్చు."

ఓరెన్ గుర్రం కాలు నెమ్మదిగా కింద పెట్టాడు.

వంటింట్లో అల్వీనా కొండ మీదికి రొట్టెలు కాలుస్తోంది. అతను పెట్టెని బల్ల మీద పెట్టి, దాని పక్కన నారింజ సీసా పెట్టాడు. పెయ్యలప్పుడు బుడ్డి ఖాళీ చెయ్యకుండా లేచానన్నాడు. పొద్దున డబ్బా బల్ల మీద లేకపోయినా కూర్చున్నానన్నాడు. మీరు వచ్చేలోగా దాన్ని దించి పక్కన పెట్టేశానన్నాడు. అది చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆఖరున పొట్టు సంగతి.

అల్వీనా పొయ్యి ఆపింది. చేతులకంటిన పిండి దులుపుకుంది. సీసా తీసి మళ్ళీ ఏప్రాన్ జేబులో వేసుకుంది. ఆ జేబులోకి అది జారిన చప్పుడు ఓరెన్‌కి వినబడింది.

"సుత్తి రెండో సొరుగులో ఉంది," అంది.

అది మామూలు సుత్తి కాదు. తలకాయ బోలుగా, ప్లాస్టిక్‌ది. తూటాని అందులో బిగించి దుంగ మీద కొడితే, ఆ కుదుపుకి గుండు ఊడి మందుతో సహా లోపల రాలిపోతుంది. ఓరెన్ పెరట్లో కట్టెలు కొట్టే మొద్దు దగ్గర కూర్చుని ఒక్కో తూటా విప్పాడు. చెయ్యడానికి రెండు నెలలు నేర్చిన పని, విప్పడానికి రెండేసి దెబ్బలు. గుండ్లు ఒక గిన్నెలో, తొడుగులు ఒక గిన్నెలో, మందు ఒక రేకు పళ్ళెంలో. పేరు తెలియని మందు మళ్ళీ డబ్బాలో పోసేది కాదు.

దెబ్బల చప్పుడుకి ఐనర్ వచ్చాడు. కంచె కర్రకి ఆనుకుని కాసేపు చూశాడు. పళ్ళెం నిండాక, దాన్నెక్కడ పొయ్యాలో తెలుసా అని అడిగాడు. ఓరెన్ తెలియదన్నాడు. ముసలాయన అతన్ని రూబార్బు మడి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆకులన్నీ మంచుకి చచ్చి నేలకి అంటుకుపోయి ఉన్నాయి. వాటి మొదళ్ళ చుట్టూ మందు పలచగా చల్లమన్నాడు. దానికంటే మంచి ఎరువు లేదన్నాడు. అల్వీనా రూబార్బు కాడలతో చేసే వంటకం చుట్టుపక్కల ఎవరికీ కుదరకపోవడానికి కారణం, ఆవిడకి ఏమాత్రం అనుమానం వచ్చినా డబ్బాడబ్బా తెచ్చి ఇక్కడ పోసెయ్యడమేనన్నాడు.

ఓరెన్ చల్లుతున్నాడు. ఐనర్ తెల్లకన్ను ఎటూ చూడకుండా, రెండో కన్ను పలుకుల మీద పెట్టి నిలబడ్డాడు.

"నాకు ఆ రోజు అనుమానమే రాలేదోయ్," అన్నాడు. "పీట మీద కూర్చుని ఈల కూడా వేశాను."

అంతే అన్నాడు. మళ్ళీ కంచె వైపు వెళ్ళిపోయాడు.

ఖాళీ తొడుగుల గిన్నె పట్టుకుని ఓరెన్ వసారాలోకి వచ్చాడు. బల్ల తుడిచి ఉంది. మందు బుడ్డి విప్పి, కడిగి, తుడిచి, బోర్లించి ఉంది. బల్ల మీద ఒక్క డబ్బా, అది కూడా సీలు విప్పనిది. మిగతా డబ్బాలన్నిటికీ అరలో ముందు గుడ్డ వేలాడదీసి ఉంది. అతను చుట్టూ చూశాడు. ఎప్పుడూ వెనక ఉండే కుర్చీ లేదు. అది తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను పీట మీద కూర్చున్నాడు. ఆ గదిలో ఒక్కడూ కూర్చుని, ఎవరి దగ్గరా దాచాల్సింది లేకుండా పని చెయ్యడం అదే మొదలు. పుల్లల చప్పుడు లేదు కాబట్టి తన చెవి తనే పెట్టుకోవలసి వచ్చింది. వేటకి సరిపడా కొన్నే చేశాడు. ఒక్కోటీ పోశాక దీపం పట్టి లోపల మందు ఎత్తు చూశాడు. అన్నీ అయ్యాక బుడ్డిని డబ్బాలోకి వంచి, అడుగున తట్టి, మళ్ళీ తట్టి, మూత బిగించి, అప్పుడు లేచాడు.

వంటింట్లో అల్వీనా రొట్టెలు గుడ్డలో చుడుతోంది.

"అయిందా?"

"అయింది."

"బుడ్డి?"

"ఖాళీ. డబ్బా అరలో పెట్టాను."

ఆవిడ ఇంకో రొట్టె చుట్టింది. చుట్టి, జేబులో చెయ్యి పెట్టి నారింజ సీసా తీసి బల్ల మీద పెట్టింది. "చుక్క పెట్టుకో. ఆరడానికి టైం పడుతుంది," అంది. తర్వాత, అతను గుమ్మం దాటుతుంటే, వెనక నుంచి, "రూబార్బు మడి చూశాను. ఏడాదికొకసారి ఇలాంటి తప్పు చేస్తూ ఉండు అల్లుడూ, పంట బాగుంటుంది," అంది.

మర్నాడు సాయంత్రానికి డేరా చేరారు. బయట చెట్ల మీద కొత్త మంచు. లోపల పొయ్యి మండుతోంది, తడి మేజోళ్ళు తాడు మీద ఆవిర్లు కక్కుతున్నాయి. ఓరెన్ మొదట అడిగింది హాల్వర్‌ని. ఆ రోజు బల్ల దగ్గర ఏం చేశావన్నాడు.

హాల్వర్ ఆలోచించాడు. "కిరసనాయిలు దీపం బాగుచేసుకున్నాను బావా. దీపం వెలిగించి చూడాలి కదా, అందుకని మందు డబ్బా తీసి దూరంగా అరలో పెట్టాను. బుడ్డిలో ఉందని తెలిస్తే అసలు అగ్గిపుల్లే గీసేవాణ్ణి కాదు. ఎందుకు?"

ఎందుకో లినియా చెప్పింది. హాల్వర్ నోట్లో గింజలు మింగేశాడు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు. అంటే మంచి మందంతా తీసుకెళ్ళి కూరమడిలో పోశావా అన్నాడు. రెండు నెలల పని అంటూ మంచం మీద పడి నవ్వాడు. ఓరెన్‌కి కూడా నవ్వొచ్చింది.

అల్వీనా నవ్వలేదు. బుడ్డి కింద అగ్గిపుల్ల గీసినవాణ్ణి ముందు ఆ మడిలో పాతాలంది. ఉడత నోరు మూసుకుంది.

ఐనర్ టోపీ తీసి మంచం మీద పెట్టాడు. అల్వీనా రెండు ఎర్రచుక్కలు వేసింది. ఆకుపచ్చ పడింది, నీలం పడింది. ఎవరూ ఓరెన్ వైపు చూడలేదు. అదొక మర్యాద. అతను లేచి, పొయ్యి తలుపు మూసి, వచ్చి తన తూటా వేశాడు. ఇత్తడి ఇత్తడికి తగిలిన చిన్న చప్పుడు.

పెద్దవాడు కాబట్టి ముందు ఐనర్ తీశాడు. ఎర్రచుక్క వచ్చింది. చూసి, మళ్ళీ టోపీలో వేశాడు. మళ్ళీ తీశాడు. ఆకుపచ్చ. అదీ వేసేశాడు.

"ఇదేం పద్ధతి నాన్నా," అన్నాడు హాల్వర్.

"నాకున్నది ఒక్క కన్ను. అందుకే చూసి తీసుకుంటాను," అన్నాడు ముసలాయన. టోపీ దీపం దగ్గరికి వంచి, వేలితో కలిపి, నారింజ చుక్క ఏరి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. గుండీ పెట్టుకున్నాడు. ఇక మీరు తీసుకోండన్నాడు. ఓరెన్ చేతికి ఎరుపు వచ్చింది. అల్వీనా ఆ ఎరుపునీ అతన్నీ చూసి, అల్లికలోకి తల వంచుకుంది. పుల్లలు టిక్కుటిక్కుమన్నాయి.

పొద్దున ఇంకా వెలుగు రాకముందే ఐనర్ ఓరెన్‌ని వెంట రమ్మన్నాడు. గట్టు మీద పడిపోయిన మాను వెనక ఇద్దరూ బోర్లా పడుకున్నారు. మంచు మోచేతుల కింద కరుగుతోంది. ముసలాయన జేబు గుండీ విప్పి, తూటా తీసి, తుపాకీలో పెట్టి, గడియ వేశాడు.

వెలుగు కింది మైదానం మీదికి దిగుతుంటే దుప్పులు చెట్లలోంచి వచ్చాయి. ముందు ఆడవి, వెనక కొమ్ములున్నది. ఐనర్ తుపాకీని ఎడమ భుజానికి మార్చుకున్నాడు. చెంప కర్రకి ఆనించాడు. ఉన్న ఒక్క కన్నూ ఆ తూటాకి జానెడు దూరంలో ఉంది. ఓరెన్ తన బల్లనీ, బుడ్డినీ, తట్టిన దెబ్బల్నీ, దీపం పట్టి చూసిన ప్రతి తొడుగునీ మళ్ళీ ఒకసారి మనసులో తడుముకున్నాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు. అయినా తెలియకుండానే కళ్ళు మూసుకున్నాడు.

తుపాకీ పేలింది. చప్పుడు ఎదుటి కొండకి తగిలి, లోయంతా తిరిగి, సద్దుమణిగింది.

"ఇక తెరువు," అంటోంది పక్కనుంచి ఐనర్ గొంతు. "రెండున్నవాడివి నువ్వు మూసుకుంటే ఎలా? నేను ఒక్కటే అయినా తెరిచే ఉంచాను."

ఓరెన్ తెరిచాడు. కింద మైదానంలో ఆడ దుప్పులు చెట్లలోకి పరిగెడుతున్నాయి. కొమ్ములున్నది పరిగెత్తలేదు, గడ్డిలో పక్కకి ఒరిగి ఉంది. ముసలాయన తుపాకీ గడియ తీశాడు. ఖాళీ తొడుగు ఎగిరి మంచులో పడి, చిన్న గుంత చేసుకుని లోపలికి దిగిపోయింది. ఆయన చేతితొడుగు తీసి, గుంతలో వేళ్ళు పెట్టి దాన్ని వెతికాడు. అడుగున నారింజ రంగు సులువుగానే కనబడింది. చొక్కాకి తుడిచి, అల్లుడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"చేసినవాడిదే," అన్నాడు. "వచ్చే ఏటికి మళ్ళీ నింపు."

ఇత్తడి ఇంకా వెచ్చగా ఉంది. ఓరెన్ దాన్ని పిడికిట్లో పట్టుకునే గట్టు దిగాడు. ముందు ముసలాయన ఈల వేసుకుంటూ నడుస్తున్నాడు.